పదకొండో ఊపు

ఆ కాలేజీలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరికీ ఆమె తెలీదమ్మే.

ఆ పేరు పెట్టింది ప్రిన్సిపల్. అది సైన్సు టీచర్లను తయారుచేసే ట్రైనింగ్ కాలేజీ. కోర్సు చివర్లో ప్రతి ట్రైనీ, కాలేజీకి ఆనుకుని ఉన్న బడిలో, పిల్లల ముందు ఒక పీరియడ్ పాఠం చెప్పి చూపించాలి. బోర్డు పంపిన ఎగ్జామినర్ వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేస్తారు. పోయినేడు ఆమె అయస్కాంతం పాఠం చెబుతుండగా ఒక పిల్లాడు లేచాడు.

"టీచర్, అయస్కాంతాన్ని వేడి చేస్తే శక్తి పోతుందన్నారు కదా. మరి ఫ్రిజ్‌లో పెడితే పెరుగుతుందా?"

ఆమె ఆలోచించింది. "నాకు తెలీదు. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి చూద్దాం," అంది.

పిల్లాడికి ముచ్చటేసింది. ఎగ్జామినర్‌కు వెయ్యలేదు. మార్కుల షీటులో 'విషయంపై పట్టు' అన్న గడిలో సున్నా పడింది. ఆ గడిలో సున్నా పడితే మిగతా గడులన్నీ నిండినా ఫెయిలే.

రూలు ప్రకారం రెండో ఛాన్సు ఉంటుంది. మూడోది ఉండదు. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి ఆమె. అన్నావదినల ఇంట్లో, ముందుగదిలో మడతమంచం మీద పడుకుంటోంది. పాత బస్టాండు వెనకున్న బడిలో సైన్సు టీచరు పోస్టు ఆమె కోసం ఆపి ఉంచారు. సర్టిఫికెట్ తెస్తేనే ఆ కుర్చీ. ఈసారి తప్పితే ఆ కుర్చీతో పాటు టీచర్ అయ్యే దారి కూడా మూసుకుపోతుంది.

ఈసారి ప్రిన్సిపల్ ఆమెకు లోలకం పాఠం ఇచ్చాడు. బోర్డు మీద రెండు కొక్కేలు. ఒకే పొడవున్న రెండు దారాలు. ఒకదానికి పెద్ద ఇనప గుండు, ఇంకోదానికి చిన్న ఇనప గుండు. రెండింటినీ ఒకేసారి వదిలితే కలిసి ఊగుతాయి. ఊగడానికి పట్టే సమయం దారం పొడవును బట్టి ఉంటుంది, బరువుతో సంబంధం లేదు. పాఠం అంతే.

"భయపడకు. ఇందులో ఇంతవరకూ ఎవరూ ఫెయిల్ కాలేదు," అన్నాడు ప్రిన్సిపల్. "ఎందుకో తెలుసా? ఎనిమిదో తరగతి బి సెక్షన్. వాళ్ళకి నువ్వు పాఠం చెప్పక్కర్లేదమ్మా. వాళ్ళే నీ చేత చెప్పిస్తారు."

అది గొప్పకు అన్న మాట కాదని రిహార్సల్ రోజు ఆమెకు తెలిసింది.

ఆరో తరగతి నుంచీ ఆ పిల్లలు ఈ పాఠం వింటూనే ఉన్నారు. ట్రైనీ మారినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి. ఎక్కడ ఆశ్చర్యపోవాలో వాళ్ళకు తెలుసు. ఎక్కడ చెయ్యెత్తాలో, ఎవరు ముందు ఎత్తాలో తెలుసు. గొంతు పెద్దదైన క్లాసు లీడర్ ఊపులు లెక్కపెడతాడు. వాడు 'పది' అనగానే టీచర్ రెండు గుండ్లనూ చేత్తో పట్టుకుని ఆపెయ్యాలి. వెంటనే క్లాసంతా ఒక్క గొంతుతో, "బరువుకి సంబంధం లేదు," అనాలి.

మార్కుల షీటులో 'విద్యార్థుల అపోహలను గుర్తించి సరిదిద్దుట' అని ఇంకో గడి ఉంది. అపోహే లేకపోతే సరిదిద్దేదేముంది? అందుకోసం ఒక పిల్లను పెట్టుకున్నారు. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునే సన్నటి పిల్ల. క్లాసులో అందరూ దాన్ని తప్పుల రాణి అంటారు. ఎప్పుడో మొదటి పాఠంలో, ఎవరూ చెప్పమనకుండానే లేచి, "పెద్ద గుండు మెల్లగా ఊగుతోంది టీచర్," అంది. ఆనాటి ట్రైనీ చక్కగా సరిదిద్దాడు, ఎగ్జామినర్ మెచ్చుకున్నాడు, ఆ గడి నిండింది. ప్రిన్సిపల్ ఆ పిల్లను వదిలిపెట్టలేదు. అప్పటినుంచి ప్రతి పాఠంలో లేస్తుంది, అదే మాట అంటుంది, సరిదిద్దించుకుని కూర్చుంటుంది.

రిహార్సల్‌లో ఆ మాట అనగానే తెలీదమ్మకు నవ్వొచ్చింది. అంత నిజంలా ఉంది నటన.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపల్ గుమ్మంలోంచి చెయ్యూపి పిలిచాడు. లీడర్ లెక్క మొదలుపెట్టాడు. గుండ్లు ఊగుతున్నాయి. ఆమె వాటిని అలాగే వదిలేసి వరండాలోకి వెళ్ళింది.

"ఎగ్జామినర్ ఎవరో తెలిసింది. కత్తెర మేడం," అన్నాడు ప్రిన్సిపల్, ఎవరో పోయారని చెబుతున్నట్టు. "పోయినసారి నీకు సున్నా వేసింది ఆవిడే. పాతికేళ్ళ సర్వీసులో ఎవరికీ ఒక్క మార్కు ఊరికే ఇచ్చిన మనిషి కాదు. చూడు, కాలేజీకి నూటికి నూరు శాతం రిజల్టు ఉండేది. నీ ఒక్కదాని వల్ల మచ్చ పడింది. ఈసారి ఏ పిల్లాడు ఏం అడిగినా 'మంచి ప్రశ్న, కూర్చో' అను. ఆ రెండో మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు."

"ఏ రెండో మాట సార్?"

"నీ పేరులో ఉన్న మాట."

ఆమె తిరిగి క్లాసులోకి వచ్చింది. క్లాసంతా గోలగోలగా ఉంది. మూడో బెంచీ పిల్ల ఒక్కతే బోర్డు వైపు చూస్తోంది. ఆమె కూడా చూసింది.

ఆపేవాళ్ళు లేక గుండ్లు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. కలిసి కాదు. చిన్నది కిటికీ వైపు వెళ్తుంటే పెద్దది తలుపు వైపు వస్తోంది.

"ఎప్పుడూ ఇంతే టీచర్," అంది ఆ పిల్ల మెల్లగా. "పెద్దది కొంచెం కొంచెం వెనకబడుతుంది. మీరందరూ పదికే పట్టేసుకుంటారు. పదకొండో ఊపు ఇంతవరకూ ఎవరూ చూళ్ళేదు."

"అయితే నువ్వు నటించట్లేదా?"

"నటించడమెందుకు? కనిపించిందే చెబుతున్నా. మీరు తప్పంటారు, వీళ్ళు చప్పట్లు కొడతారు, సారు చాక్లెట్ ఇస్తారు." ఆ పిల్ల భుజాలెగరేసింది. "చాక్లెట్ బానే ఉంటుంది."

తెలీదమ్మ మళ్ళీ గుండ్ల వంక చూసింది. మూడేళ్ళుగా ఎందరు ట్రైనీలు ఈ పిల్లను సరిదిద్దారో, అందరికీ మార్కులు పడ్డాయి. పిల్ల మాత్రం మొదటిరోజు ఎక్కడుందో అక్కడే ఉంది. పైగా ఆ పిల్ల చెప్పింది కళ్ళెదురుగా ఊగుతోంది.

*

వదిన ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ముందుగది కిటికీ కర్టెన్ రాడ్డుకు రెండు బంగాళదుంపలు వేలాడుతున్నాయి.

వదిన ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. రోజంతా మనుషుల ఎముకలు చూసొచ్చిన ఆవిడకు ఏదీ వింతగా కనిపించదు. అయినా గుమ్మంలో ఆగింది.

"కూరకు తెచ్చిన దుంపలు. ఏం నేరం చేశాయని ఉరేశావే?"

"కాసేపు మాట్లాడకు వదినా. లెక్క తప్పుతుంది."

వదిన చెప్పులు విప్పి, సోఫాలో కూలబడి, ఆడపడుచు దారాలు విప్పడం, కట్టడం, ఊపడం చూస్తూ కూర్చుంది. చివరికి తెలీదమ్మ నేలమీద చతికిలబడి నుదురు కొట్టుకుంది.

"పుస్తకంలో ఉంది. పరీక్షలో రాశాను కూడా. దారం పొడవంటే ముడి దాకా కాదు, గుండు మధ్య దాకా. అందరం దారాన్ని ముడి దాకా కొలిచి, రెండూ సమానం అనుకున్నాం. పెద్ద గుండు లావు కదా, దాని మధ్య ఇంకా కిందికి ఉంటుంది. అంటే దాని పొడవే ఎక్కువ. అందుకే మెల్లగా పోతుంది. పది ఊపుల్లో ఆ తేడా పట్టించుకోనంత చిన్నది. వదిలేస్తే పెరుగుతుంది."

"ఇంతకీ ఆ పిల్ల కరెక్టా, తప్పా?"

"చూసింది కరెక్టు. బరువు వల్ల అనుకోవడం తప్పు."

"ఇంకేం, తేలిపోయింది కదా. పొద్దున్నే పెద్దదాని దారం కాస్త పొట్టి చెయ్యి. రెండూ చక్కగా కలిసి ఊగుతాయి. నీ సర్టిఫికెట్ నీకొస్తుంది, నా ముందుగది నాకొస్తుంది."

మాట సరదాగానే అంది. విషయం సరదాది కాదని ఇద్దరికీ తెలుసు. తెలీదమ్మ పెద్ద దుంపను వేలితో తోసింది.

"దారం సరిచేసి తీసుకెళ్తే ఆ పిల్ల మళ్ళీ లేచి అదే మాట అంటుంది. నేను మళ్ళీ తప్పంటాను. ఈసారి గుండ్లు కూడా నా పక్షానే ఉంటాయి. ఇక ఆ పిల్ల జన్మలో తన కళ్ళను నమ్మదు."

"సరిచెయ్యకపోతే?"

"పదకొండో ఊపు దాకా పోనిస్తా."

వదిన కాసేపు దుంపల వంక చూసింది. "మీ అన్నకి మాత్రం నువ్వే చెప్పుకో. నేను మధ్యలో దూరను." లేచి వంటింటి వైపు నడుస్తూ ఆగింది. "అయినా ఆ మనిషి నీకు ఒకసారి సున్నా వేసింది. రెండో సున్నాకి ఏం భయం? ఎన్ని కలిపినా సున్నాయేగా."

*

కత్తెర మేడం వెనక బెంచీలో కూర్చుంది. నెరిసిన జుట్టు, బిగించి వేసిన ముడి, ఒళ్ళో మార్కుల షీటు.

"మళ్ళీ నువ్వేనా?" అంది.

"మళ్ళీ నేనే మేడం."

పాఠం సాఫీగా నడిచింది. పిల్లలు ఆశ్చర్యపోవలసిన చోట ఆశ్చర్యపోయారు. షీటు మీద పెన్ను కదులుతోంది. వరండాలో కిటికీ అవతల ప్రిన్సిపల్ తల ఊపుతున్నాడు.

గుండ్లు వదిలింది. లీడర్ లెక్క మొదలుపెట్టాడు. మూడో బెంచీ పిల్ల తన వంతు రాగానే లేచింది.

"టీచర్, పెద్ద గుండు మెల్లగా ఊగుతోంది."

క్లాసు సర్దుకుని కూర్చుంది. ఇప్పుడు టీచర్ చిరునవ్వు నవ్వి, "అలా అనుకోవడం సహజం, కానీ..." అనాలి.

"ఎలా తెలుసు?" అంది తెలీదమ్మ.

ఆ పిల్ల బిత్తరపోయింది. మూడేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. "చూశాను," అంది, సందేహంగా.

"అయితే అందరం చూద్దాం."

"పది!" అన్నాడు లీడర్. ఆమె కదల్లేదు. వాడు ఆమె చేతుల వంక చూశాడు, గుండ్ల వంక చూశాడు. "టీచర్, పది అయిపోయింది. పట్టుకోవాలి."

"లెక్కపెడుతూ ఉండు."

"పది తర్వాత ఎప్పుడూ లెక్కపెట్టలేదు టీచర్."

"పది తర్వాత పదకొండు వస్తుంది. అంకెలు నీకు కొత్తా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. లీడర్ గొంతు సవరించుకుని, "పదకొండు," అన్నాడు. కిటికీ అవతల ప్రిన్సిపల్ తల ఊపడం ఆపేశాడు.

లెక్క సాగింది. ముందు బెంచీలో ఒకడు వంగి చూశాడు. తర్వాత ఇద్దరు లేచి నిలబడ్డారు. లెక్క ముప్పై దాటాక దాచడానికి ఏమీ మిగల్లేదు. రెండు గుండ్లు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి దాటుకుని పోతున్నాయి.

"రాణి చెప్పింది నిజమేరా," అన్నాడు ఎవడో.

"కానీ బరువుకి సంబంధం లేదు కదా," అన్నాడు లీడర్, అన్యాయం జరిగిపోయినట్టు. "మనమే అంటాం కదా రోజూ."

"మరి ఎందుకు వెనకబడింది?" అంది తెలీదమ్మ.

ఆ ప్రశ్నకు క్లాసులో ఎవరి దగ్గరా కంఠస్థం చేసిన జవాబు లేదు. ఊళ్ళో సంతలా లేచింది గోల. ఫ్యాన్ గాలి అన్నాడొకడు. ఫ్యాన్ ఆపారు, అయినా వెనకబడింది. మీరు పెద్దదాన్ని మెల్లగా వదిలారు అంది ఒక పిల్ల. తెలీదమ్మ ఆ పిల్లకే ఇచ్చి వదలమంది, అయినా వెనకబడింది. కొక్కెం వదులుగా ఉందన్నారు. గుండ్లు అటుదిటు మార్చారు. పెద్దదే వెనకబడింది. తప్పుల రాణి చేతులు కట్టుకుని నిలబడి, "బరువు వల్లే, నేను చెప్పలా," అంటోంది. లీడర్ పళ్ళు కొరుకుతున్నాడు.

పీరియడ్ అయిపోవచ్చింది. ప్రిన్సిపల్ ఆగలేకపోయాడు. గుమ్మంలోకి వచ్చి, కత్తెర మేడం వైపు ఒక నవ్వు విసిరి, తెలీదమ్మతో గట్టిగానే అన్నాడు. "టైమవుతోందమ్మా. చివరి మూడు ప్రశ్నలు అడిగెయ్యి."

చివరి మూడు ప్రశ్నలంటే అభ్యసన ఫలితాలకు గీటురాయి. పిల్లలకు నిద్రలో లేపి అడిగినా జవాబులు వచ్చు. అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో చెబుతుంది, గడి నిండుతుంది, పాఠం పాసవుతుంది. జరిగిన గోలంతా ఆ మూడు జవాబుల కింద కప్పేసుకోవచ్చు. కత్తెర మేడం పెన్ను పట్టుకుని చూస్తోంది.

"అడగను సార్," అంది తెలీదమ్మ.

"ఏంటి?"

"మూడు ప్రశ్నలు అడగను. వేరేది అడుగుతా." పిల్లల వైపు తిరిగింది. "ఇంకా అర్థం కానివాళ్ళు చెయ్యెత్తండి."

ఎగ్జామినర్ ముందు ఆ క్లాసులో అలాంటి చేతులు ఎప్పుడూ లేవలేదు. ముందు రాణి ఎత్తింది. తర్వాత లీడర్, గాయపడిన పులిలా. తర్వాత అందరూ.

బెల్లు కొట్టారు.

*

పిల్లలు వెళ్ళాక కత్తెర మేడం బోర్డు దగ్గరికి వచ్చింది. ప్రిన్సిపల్ మాట్లాడబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎందుకు వెనకబడుతోందో నీకు తెలుసా?"

"తెలుసు మేడం." పెద్ద గుండు మీద వేలు పెట్టి, మధ్య భాగం ఎక్కడుందో చూపించింది. "ఇక్కడి దాకా కొలవాలి. మేం ముడి దాకా కొలిచాం."

"తెలిసి కూడా దారం సరిచెయ్యలేదు. తెలిసి కూడా పిల్లలకు చెప్పలేదు. క్లాసు మొత్తం చేత మాకు అర్థం కాలేదని చెప్పించావు. నా షీటులో దీన్ని ఏమంటారో తెలుసా?"

"ఫెయిల్ అంటారు."

"తెలిసే చేశావు."

"మేడం, ఆ మూడో బెంచీ పిల్లని ఈ గదిలో ఎంతోమంది సరిదిద్దారు. ఎంతోమంది పాసయ్యారు. ఒక్కరైనా మర్నాడు వచ్చి ఆ పిల్లని అడిగారా? మీరు అడిగారా?" షీటు వైపు వేలు చూపించింది. "ఈ పీరియడ్‌లో నేనేం చెప్పానో మీరు కొలిచారు. వాళ్ళకేం వచ్చిందో కొలవలేదు. నెల తర్వాత రండి. వచ్చేముందు ఎవరికీ చెప్పకండి. మీకు తోచింది అడగండి. వాళ్ళకి రాకపోతే అప్పుడు వెయ్యండి సున్నా. నేనే పెన్ను తెచ్చిస్తా."

ప్రిన్సిపల్ ముఖం కందగడ్డలా అయింది. "క్షమించండి మేడం, ఈ అమ్మాయికి మొదటినుంచీ కొంచెం..."

"నాకు వినబడింది," అంది కత్తెర మేడం. షీటు మడిచి బ్యాగులో పెట్టుకుంది. "రిజల్టు ఆపి ఉంచే అధికారం నాకుంది. ఇంతవరకూ వాడలేదు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూసింది. "నెల అనలేదు నేను. ఎప్పుడొస్తానో నాకే తెలీదు."

*

మర్నాటి నుంచి ల్యాబ్ బీరువాకు తాళం పడింది. గుండ్లు లేవు, దారాలు లేవు. తెలీదమ్మకు ఆ క్లాసులో ప్రాక్టీస్ పీరియడ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిని తీసెయ్యడానికి మాత్రం ప్రిన్సిపల్‌కు రూలు దొరకలేదు.

"సారు తాళం వేశారు. ఏం చేద్దాం?" అని పిల్లలనే అడిగింది.

మరుసటి పీరియడ్‌కు బెంచీల మీద ఒక పచారీ కొట్టు వెలసింది. తాళంకప్పలు, టెన్నిస్ బంతులు, రాళ్ళు, వాళ్ళమ్మకు చెప్పకుండా ఒకడు తెచ్చిన, రోకలికి తొడిగే ఇనప పొన్ను. క్రికెట్ బంతిని కట్టడానికి కుదరక దానికి సాక్సు తొడిగారు. ఆ సాక్సు వాసనకు ముందు బెంచీ ఖాళీ అయింది.

సంగతి పట్టుకున్నది లీడర్. ఒక రోజు రాయిని ముడిలోంచి కొంచెం పైకి జరిపి కట్టాడు, అనుకోకుండా. రాయి అదే, బరువు అదే, కానీ తొందరగా ఊగింది. వాడు అరిచిన అరుపుకి పక్క క్లాసు టీచర్ పరిగెత్తుకొచ్చింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వాడి వైపు చేరారు. రాణి చేరలేదు. లీడర్ దారం మీద వేలు పెట్టి ఎంత చెప్పినా, "ఇంకోసారి ఊపు," అనేది. వాడికి విసుగెత్తి, "నువ్వు మనిషివా, మొండిఘటానివా?" అనేవాడు. "ఊపు ముందు," అనేది.

చివరికి తనే పెద్ద రాయి మధ్యనీ చిన్న రాయి మధ్యనీ ఒకే ఎత్తుకు తెచ్చి కట్టుకుంది. వదిలింది. ఊపులు లెక్కపెడుతూ నిలబడింది. రెండూ కలిసి పోయాయి, కలిసి వచ్చాయి. చాలాసేపు చూసింది.

"సరే," అంది. "నేను చూసింది నిజమే. బరువు వల్ల అనుకున్నాను, అది కాదు."

తెలీదమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఈలోగా ప్రిన్సిపల్ కూడా ఖాళీగా లేడు. ఆరోజు బోర్డు దగ్గర తెలీదమ్మ చెప్పిన జవాబును గుర్తుపెట్టుకున్నాడు. రోజూ పొద్దున బి సెక్షన్‌కు వచ్చి కొత్త పాట నేర్పించాడు. ఆయన "పొడవు ఎక్కడి దాకా?" అంటే, పిల్లలు "గుండు మధ్య దాకా," అని ఒక్క గొంతుతో అనాలి. అనేవాళ్ళు.

*

కత్తెర మేడం వచ్చిన రోజు వాన. గొడుగు ముడిచి నేరుగా క్లాసులోకి వెళ్ళింది. తెలీదమ్మను వరండాలోనే ఆగమంది. ప్రిన్సిపల్ పరుగున వచ్చి పిల్లల వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"లోలకం పొడవు ఎక్కడి దాకా కొలవాలి?"

"గుండు మధ్య దాకా," అంది క్లాసు, గోడలు అదిరేలా. ప్రిన్సిపల్ కళ్ళు మూసుకుని నవ్వాడు.

వరండాలో తెలీదమ్మ కిటికీ దగ్గరికి జరిగింది. అది తను నేర్పిన జవాబు కాదు. అదే మాట, కానీ తనది కాదు. దాన్ని విని పాస్ చేసినా, ఫెయిల్ చేసినా ఒకటే.

కత్తెర మేడం మొహంలో ఏ మార్పూ లేదు. బ్యాగులోంచి రెండు నీళ్ళ సీసాలు తీసింది. రెండూ ఒకే రకం, నిండువి. ఒకదాని మూత తీసి, అందరూ చూస్తుండగా, తాపీగా సగం తాగింది. మూత పెట్టి, రెంటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది.

"వీటిని మెడకు దారం కట్టి ఒకే ఎత్తులో వేలాడదీస్తే, ఏది మెల్లగా ఊగుతుంది?"

పాట ఆగిపోయింది. వెనక ప్రిన్సిపల్ గుసగుసగా ఏదో అందివ్వాలని చూశాడు, కానీ ఏం అందివ్వాలో ఆయనకూ తట్టలేదు. సీసాలు రెండూ ఒకే సైజు. బరువులు వేరు. మధ్య ఎక్కడ?

కత్తెర మేడం మూడో బెంచీ వైపు చూసింది. "నువ్వు చెప్పు."

రాణి లేచింది. సీసాల వంక చూసింది, నిండుదాన్ని, సగందాన్ని. కిటికీ అవతల నిలబడ్డ టీచర్ వంక చూడలేదు.

"తెలీదు మేడం," అంది.

ప్రిన్సిపల్ గోడకు తల ఆనించాడు.

"తెలీదా?"

"తెలీదు. సగందాంట్లో నీళ్ళు అడుగున ఉన్నాయి. అంటే దాని మధ్య కిందికి పోయినట్టు లెక్క. అదే మెల్లగా ఊగొచ్చు. కానీ ఊపితేగానీ చెప్పను." చెయ్యి చాచింది. "దారం ఇవ్వండి."

కత్తెర మేడం ప్రిన్సిపల్ వైపు తిరిగింది. "దారం ఎక్కడుంది?"

"ల్యాబ్ బీరువాలో మేడం."

"తీసుకురండి."

తాళం చెవి వెతకడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఈలోగా లీడర్ తన బూటు లేసులు విప్పేశాడు, రెండూ. సీసాలు కట్టారు, కొక్కేలకు తగిలించారు, వదిలారు. లెక్క పదికి చేరింది. క్లాసులో ఎవరూ 'పట్టుకోండి' అనలేదు. కత్తెర మేడం ఒక అడుగు ముందుకు వేసింది. సగం సీసా, తేలికపాటిది, కొంచెం కొంచెం వెనకబడుతోంది. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని, మిగతా పిల్లల మధ్య నిలబడి, చివరిదాకా చూసింది.

బయటికి వచ్చేసరికి వాన తగ్గింది. తెలీదమ్మ వరండా స్తంభానికి ఆనుకుని ఉంది.

"పోయినేడు నీకు ఏ మాటకి సున్నా వేశానో, ఇవాళ ఆ పిల్ల నోట అదే మాట వచ్చింది," అంది కత్తెర మేడం. "నా షీటులో ఆ మాటకి గడి లేదు. పెన్నుతో గీసుకున్నాను. బోర్డు వాళ్ళు అడుగుతారు. అడగనీ, నేను చూసుకుంటా. నువ్వు పాసయ్యావు."

తెలీదమ్మ తల ఊపింది.

"ఇంతకీ ఆ అయస్కాంతం ఫ్రిజ్‌లో పెట్టావా?"

"పెట్టాను మేడం. కూరగాయల అరలో. మా వదిన తిట్టింది."

"పెరిగిందా?"

"గుండుసూదులు అన్నే అంటుకున్నాయి. నేను కొలిచినంతలో తేడా దొరకలేదు. ఇంకా బాగా కొలవాలి."

కత్తెర మేడం గొడుగు విప్పుకుంది. నవ్విందో లేదో గొడుగు చాటున కనబడలేదు.

మరుసటి వారం కొత్త ట్రైనీలు వచ్చారు. ప్రిన్సిపల్ వాళ్ళలో ఒకతన్ని వెంటబెట్టుకుని బి సెక్షన్‌లోకి వచ్చాడు. పాత బస్టాండు బడిలో చేరబోయే ముందు ఆఖరి పీరియడ్ చెబుతున్న తెలీదమ్మను చూడనట్టే చూసి, మూడో బెంచీ దగ్గర ఆగాడు. జేబులోంచి చాక్లెట్ తీశాడు.

"ఈ సారు రేపు ప్రాక్టీస్ పాఠం చెబుతారు. నువ్వు లేచి ఆ పెద్ద గుండు మాట అనాలి. ఎప్పటిలాగే."

రాణి చాక్లెట్ వంక చూసింది. చాక్లెట్ బానే ఉంటుంది.

"ఆ తప్పు అయిపోయింది సార్," అంది. "ఇంకో తప్పు దొరకనీండి, అప్పుడు చెప్తా."